వినని మాటను నమ్మినవాడు

ఉపదేశి పాపయ్యకు కథ చెప్పడానికి మందిరమే అక్కర్లేదు, మడి గట్టు చాలు. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఆయన వారమంతా కూలికి పోయేవాడు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని రేకుల మందిరం తలుపు తెరిచేవాడు. పాస్టరుగారు ఉండేది కోదాడలో. నెలకోసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వెళ్ళేవాడు. మిగిలిన ఆదివారాలన్నీ పాపయ్యవే.

చిన్నతనంలో ఒక రైతు దగ్గర జీతముండి గొడ్లు కాసినవాడు పాపయ్య. బడి ముఖం చూడలేదు. మీసాలు వచ్చాక ఒక ముసలి పాస్టరు దగ్గర అక్షరాలు దిద్దుకున్నాడు. ఆయన పట్టుకున్న మొదటి పుస్తకం బైబిలే, చివరిదీ అదే. అందుకేనేమో ఆయన కథల్లో మనుషులు ఎక్కడో ఎడారి దేశాల్లో ఉన్నట్టు ఉండేవాళ్ళు కాదు. కాలువ అవతలి ఊరివాళ్ళలాగా ఉండేవాళ్ళు. దేవుడు ఏలీయాను కరువు కాలంలో ఒక వాగు పక్కన ఉండమన్న కథ చెబుతుంటే, నాటు వేసే ఆడవాళ్ళు నారుకట్ట చేతిలో పట్టుకుని ఆగిపోయేవాళ్ళు.

"దేవుడే పొమ్మన్న తావు అది. కాకులు రొట్టె తెచ్చిపెడుతున్నయ్. గని వాగు ఎండింది. ఎందుకెండింది? దేవుడు పంపిన తావు గూడ ఎండుతదమ్మా. ఎండినప్పుడు దేవుడు లేడనుకోవద్దు, ఇంకో తావుకు పొమ్మంటున్నడని లేవాలె" అనేవాడు. కథ పూర్తయ్యాక మళ్ళీ నాటులోకి వంగేవాడు.

పాపయ్య భార్య లచ్చమ్మ చదవలేదు. కానీ ఆ కథలన్నీ ఆమెకు నోటికి వచ్చు. పెళ్ళయి చాలా ఏళ్ళదాకా ఆమెకు కడుపు పండలేదు. బిడ్డ కోసం గుడిలో మౌనంగా ఏడ్చిన హన్నా కథను ఆమె భర్తతో ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు. చివరికి పుట్టిన కొడుక్కి కృపాకర్ అని పేరు పెట్టుకున్నారు. వాడొక్కడే.

కృపాకర్ పెద్దవాడై మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీగా చేరాడు. పెళ్ళి చేసుకున్నాడు. భార్య నవనీత అదే మిల్లులో నూకలు, తవుడు ఊడ్చే పనికి పోయేది. కృపాకర్ బస్తా వీపున వేసుకుని మెట్టెక్కితే మిగతావాళ్ళు ఆగి చూసేంత బలిష్టుడు. ఒక వానాకాలం కాళ్ళు వాచాయి. బస్తాలు మోసి వాచాయనుకున్నారు. తర్వాత ముఖం వాచింది, అన్నం సయించడం మానేసింది, ఒకరోజు మిల్లులోనే కూలబడ్డాడు. ఎవరికీ తెలియకుండా ఒంట్లో ఏళ్ళ తరబడి ఉన్న బీపీ రెండు కిడ్నీలనూ తినేసిందని డాక్టర్లు చెప్పారు.

మొగుడూ పెళ్ళాలు ఊరికి తిరిగొచ్చారు. వారానికి మూడుసార్లు సూర్యాపేట దవాఖానాలో డయాలసిస్. చేతి నరాన్ని చిన్న ఆపరేషన్‌తో పెద్దది చేసి, అందులోకి లావాటి సూదులు ఎక్కించేవాళ్ళు. పొద్దున్నే పాపయ్య కొడుకును వెంటబెట్టుకుని మునగాల దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో తీసుకుపోయేవాడు. మిషన్ మీద పడుకున్నంతసేపూ పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. తిరుగు ప్రయాణంలో కృపాకర్ బస్సు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఒళ్ళంతా పిండినట్టు ఉంటుందని చెప్పేవాడు. అన్నిటికంటే వాణ్ణి బాధపెట్టింది దాహం. రోజంతటికీ కొద్ది నీళ్ళే తాగాలి. ఎండాకాలంలో ఎదురుగా కాలువ నిండుగా పారుతుంటే, తడిగుడ్డతో పెదవులు తుడుచుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు.

అట్లా ఒక ఏడాది గడిచింది.

కోదాడలో హైవే పక్క మైదానంలో స్వస్థత కూటాలు పెడుతున్నారని మందిరానికి వచ్చే జంగమ్మ చెప్పింది. రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి జవహర్ అనే దైవజనుడు వస్తున్నాడట, ఆయనకు దర్శనాలు కలుగుతాయట. లచ్చమ్మ పట్టుబట్టింది. పాపయ్య కాదనలేదు. అందరూ కలిసి వెళ్ళారు.

జవహర్ మోసగాడిలా లేడు. ఉపవాసాలతో చిక్కిపోయిన మనిషి, ఎవరినీ కానుక అడగలేదు, పాడి పాడి గొంతు బొంగురుపోయింది. వరుసలో నిలబడ్డ కృపాకర్ దగ్గరకు వచ్చి, సూదులు గుచ్చిన చోట పట్టీలు వేసి ఉన్న ఆ చేతిని పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"తమ్ముడూ, నీ లోపల ప్రభువు రెండు కొత్త దీపాలు వెలిగించడం నేను చూశాను. ఇదిగో, ఇప్పుడే చూపించాడు నాకు. ఇంక ఆ సూదులతో నీకు పని లేదు. నమ్ముతున్నావా?"

కృపాకర్ తలూపాడు. లచ్చమ్మ నేల మీద సాగిలపడి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమేన్ అన్నారు. పాపయ్య నోరు తెరిచాడు గానీ ఆ మాట బయటికి రాలేదు. అది జంగమ్మ చూసింది.

ఇంటికొచ్చాక పాపయ్య నెమ్మదిగా అన్నాడు. "మంచిదే. దేవుడు బాగుజేస్తే నాకంటే సంతోషపడేటోడు ఎవడుంటడు? గని రేపు దవాఖానకు పోదాం. రక్తపరీక్ష చేస్తరు. బాగైతే డాక్టరే వద్దంటడు. కుష్టం బాగైనోణ్ణి యేసు ఏమన్నడు? పొయ్యి యాజకునికి సూపించుకొమ్మన్నడు. సూపించుకుంటే తప్పేముంది?"

లచ్చమ్మ ఊరుకోలేదు. "పరీక్ష పెట్టినంక ఇగ నమ్ముడేంది? నువ్వే గదా చెప్పినవ్, కుష్టమొచ్చిన నయమానును ప్రవక్త యొర్దాను నదిల మునగమంటే మునిగిండని. మళ్ళ వైద్యుణ్ణి అడిగొచ్చిండా?"

"నయమానును మునగమన్నరు లచ్చమ్మా. మందు మానెయ్యమని ఎవరన్నరు?"

"నీకు కొడుకు బాగుపడుడు ఇష్టం లేదా?"

నవనీత గుమ్మంలో నిలబడి మొగుడి వైపు చూసింది. కృపాకర్ అప్పటికే కుండ దగ్గరకు వెళ్ళి చెంబు ముంచాడు. గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఇంకో చెంబు తాగాడు. గడ్డం మీదుగా నీళ్ళు కారుతుంటే నవ్వాడు. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వు అది.

మర్నాడు డయాలసిస్‌కు పోవాల్సిన రోజు. కృపాకర్ బయల్దేరలేదు. బానే ఉందన్నాడు. నిజంగానే బాగున్నట్టు కనిపించాడు. వాకిలి ఊడ్చాడు, అన్నం అడిగి తిన్నాడు. పాపయ్య సంచి భుజాన వేసుకుని వాకిట్లో చాలాసేపు నిలబడి, చివరికి సంచిని మేకుకు తగిలించాడు.

ఆ ఆదివారం పాపయ్య ఎన్నడూ చెప్పని కథ ఒకటి తీశాడు. యూదా దేశం నుంచి ఒక ప్రవక్త బేతేలుకు వస్తాడు. దారిలో అన్నం తినొద్దు, నీళ్ళు తాగొద్దు, వచ్చిన దారినే తిరిగి పోవద్దు అని దేవుడు అతనికి గట్టిగా చెప్పి పంపాడు. రాజే పిలిచినా అతను తినలేదు. కానీ ఆ ఊళ్ళో ఉన్న ఒక ముసలి ప్రవక్త ఎదురొచ్చి, నాక్కూడా దేవదూత కనిపించాడు, నిన్ను మా ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టమన్నాడు అని అబద్ధం చెబుతాడు. పాపం, యూదా నుంచి వచ్చిన ప్రవక్త నమ్మి వెళ్ళి తింటాడు. తిరిగి పోయే దారిలో సింహం ఎదురై చంపేస్తుంది.

"సింహం ఆయన మీన పడ్డది. ముసలోని మీన పడలే" అన్నాడు పాపయ్య. "అది నాకు ఇప్పటికీ సమజ్ కాదు. అబద్ధమాడినోడు బతికిండు, నమ్మినోడు సచ్చిండు. ఒక్కటి మాత్రం తెలుస్తది. నీకు చెప్పిన మాట ఒకటి ఉన్నదనుకో. ఇంకొకలు వచ్చి నాకు దేవదూత చెప్పిండు, ఆ మాట ఇడిసిపెట్టు అంటే, ఇడువొద్దు. దేవుని పేరు చెప్పినా ఇడువొద్దు."

మందిరంలో చాపల మీద కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జంగమ్మ లేచి కొంగు దులుపుకుని బయటికి వెళ్ళిపోయింది. లచ్చమ్మ తల దించుకునే ఉంది.

సాయంత్రం కృపాకర్ కాలువ గట్టు మీద కూర్చుని ఉంటే పాపయ్య వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కొడుకు పాదాలు మళ్ళీ ఉబ్బడం మొదలైంది. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడి ఉన్నాయి.

"ఆ కథ నా కోసమే చెప్పినవ్ గదా నాయినా" అన్నాడు కృపాకర్.

"నీ కోసమే."

"ఒకటి అడుగుత. నిజం చెప్తవా? దేవుడు నీతోని ఎప్పుడన్న మాట్లాడిండా?"

పాపయ్య నీళ్ళ వైపు చూశాడు. అవతలి గట్టున ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. "లేదు బిడ్డా" అన్నాడు. "ఒక్కనాడు గూడ నేను ఇనలే."

"కలల గూడ రాలేదా?"

"రాలే. మీ అమ్మకు నువ్వు పుట్టకముందు ఎన్నో కలలొచ్చినయ్. నాకేం రాలే."

"మరి గిన్నేండ్లు ఎట్ల చెప్పినవ్?"

"ఇన్నోళ్ళున్నరు. అబ్రాహాము ఇన్నడు, మోషే ఇన్నడు, సమూయేలు ఇన్నడు. వాళ్ళు ఉత్తగ చెప్పరని నమ్మిన. వాళ్ళ మాట పట్టుకొని నడిచిన."

కృపాకర్ ఒక గడ్డిపోచ తెంపి నీళ్ళలోకి వేశాడు. తర్వాత, తండ్రి ఎన్నడూ వినని గొంతుతో, మెల్లగా అన్నాడు. "నేను ఆయన్ను నమ్మిన్నో లేదో నాకే తెల్వదు నాయినా. అలిసిపోయిన. ఆ సూది, ఆ బస్సు, ఆ మిషను. ఇగ పోకు అని ఒకలన్న చెప్తరా అని సూసిన. ఆయన చెప్పిండు. దేవుని పేరు మీన చెప్పిండు. గంతే."

పాపయ్య కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. చెప్పడానికి ఆయన దగ్గర ఎన్నో కథలున్నాయి. ఒక్కటీ చెప్పలేదు. "రేపు పోదాం పా" అని మాత్రం అన్నాడు.

మర్నాడూ పోలేదు. కృపాకర్ కదలనన్నాడు. లచ్చమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. దేవుడు చివరిదాకా పరీక్షిస్తాడని, ఈ గండం దాటితే మహిమ కనపడుతుందని జవహర్ ఫోన్లో చెప్పాడట. ఆ తర్వాత రెండో రోజుకు కృపాకర్ పడుకుంటే ఊపిరాడడం లేదు. గోడకు ఆనుకుని కూర్చుని నోటితో గాలి పీలుస్తున్నాడు. ఛాతీలో నీళ్ళు గలగలమంటున్న శబ్దం గదిలో అందరికీ వినిపిస్తోంది.

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని నవనీత అత్త ముందుకు వచ్చి నిలబడింది. "అత్తా, నీకు దండం పెడత. లే. మామా, బండి పిలువు."

లచ్చమ్మ లేచింది. కృపాకర్ కూడా అప్పుడు తలూపాడు. "పోదాం" అన్నాడు. వాడు నోరు తెరిచి అన్న చివరి మాట అదే.

అంబులెన్స్ వచ్చింది, మునగాల దగ్గర హైవే ఎక్కింది. మధ్యాహ్నం ఎండ. దాబాల ముందు లారీలు ఆగి ఉన్నాయి. పాపయ్య కొడుకును తన ఛాతీకి ఆనించుకుని కూర్చోబెట్టుకున్నాడు. సూర్యాపేట ఇంకా రాకముందే, ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ ముసుగు లోపల వాడి పెదవులు కదలడం ఆగిపోయింది. కొడుకు బరువు మారడం పాపయ్యకు చేతుల్లోనే తెలిసింది. అయినా దవాఖాన దాకా ఏమీ అనలేదు.

సమాధి మర్నాడు జరిగింది. జవహర్ వచ్చాడు. వస్తాడని ఎవరూ అనుకోలేదు. మట్టి కప్పేదాకా దూరంగా నిలబడి, అందరూ కదిలాక పాపయ్య దగ్గరకు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను చూశానండీ" అన్నాడు. "వాక్యం తోడు, నిజంగా చూశాను. రెండు దీపాలు."

"సూసినవ్ కావచ్చయ్యా" అన్నాడు పాపయ్య. "నువ్వు అబద్ధమాడినవని నేననలే. గని ఏం సూసినవో నీకు తెల్వలే. తెల్వనిదానికి అర్థం నువ్వే చెప్పుకున్నవ్. ఇంకొకల పిల్లగానికి గట్ల చెప్పకు."

జవహర్ తల వంచుకుని వెళ్ళిపోయాడు. కోదాడలో కూటాలు మాత్రం ఆగలేదు.

ఊళ్ళో మాట ఇంకోరకంగా పుట్టింది. సొంతూరు నజరేతులో జనం నమ్మనందువల్ల యేసే అక్కడ ఎక్కువ అద్భుతాలు చేయలేకపోయాడు కదా, అట్లాగే పాపయ్య అవిశ్వాసం కొడుకును మింగిందన్నారు. ఆమేన్ అనలేదు, పైగా మందిరంలో నిలబడి సింహం కథ చెప్పాడన్నారు. జంగమ్మ ఆ మాట పాపయ్య ముఖం మీదే అంది. ఆమె మీద ఆయనకు కోపం రాలేదు. తాను నేర్పిన కథతోనే తనను కొట్టారని మాత్రం అనుకున్నాడు. కొందరు ఆదివారం ఆటో మాట్లాడుకుని కోదాడ పోవడం మొదలుపెట్టారు. పాపయ్య కొన్ని వారాలు మందిరం తలుపే తెరవలేదు. నాట్లలో ఆడవాళ్ళు కథ అడగలేదు, ఆయన చెప్పలేదు.

లచ్చమ్మ ఇంట్లో నీడలా తిరిగేది. భర్తతో మాట్లాడేది కాదు. ఆయన తిడతాడని ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు. అది ఆమెకు తిట్టుకంటే ఎక్కువైంది. ఒక పూట పొయ్యి ముందు కూర్చున్నది, ఉన్నట్టుండి కట్టె పక్కన పెట్టేసింది.

"నేనే సంపిన వాన్ని. ఆ మాట నువ్వెందుకంటలేవు?"

పాపయ్య వచ్చి నేల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. "నేను గూడ నమ్మిన లచ్చమ్మా" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది.

"వాడు ఆ చెంబు నీళ్ళు తాగి నవ్విండు సూడు, ఆ నవ్వు సూసి నేను గూడ నమ్మిన. తెల్లారి సంచి భుజాన ఏసుకొని వాకిట్ల నిలబడ్డ. గుంజుకపోతే వచ్చేటోడే. ఏమో, నిజంగ బాగైండేమో, నేనే అడ్డం పడుతున్ననేమో అనుకున్న. సంచి తగిలించిన. నోటితోని సింహం కథ చెప్పిన గని, కడుపుల నేను గూడ ఆశపడ్డ."

లచ్చమ్మ అప్పుడు ఏడ్చింది. సమాధి రోజు కూడా రాని ఏడుపు అది. పాపయ్య ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. పొయ్యి మీద అన్నం అడుగంటి వాసన వచ్చినా ఇద్దరూ లేవలేదు.

వానాకాలం పోయాక ఒక ఆదివారం పాపయ్య మళ్ళీ మందిరం తెరిచాడు. పాతవాళ్ళలో కొద్దిమందే వచ్చారు, ఎక్కువగా ముసలివాళ్ళు. నవనీత మిర్యాలగూడలో మళ్ళీ మిల్లు పనికి చేరింది, సెలవు పెట్టుకుని వచ్చింది. లచ్చమ్మ ద్వారబంధం దగ్గరే కూర్చుంది, లోపలికి రాలేదు.

పాపయ్య ఆ రోజు చెరసాలలో ఉన్న యోహాను కథ చెప్పాడు. నదిలో నిలబడి, రావలసినవాడు ఈయనే అని లోకానికి వేలు చూపించి చెప్పినవాడు యోహాను. ఆకాశం తెరుచుకోవడం చూసినవాడు. ఆ మనిషే రాజు చెరలో పడ్డాక తన శిష్యులను పంపి, వచ్చేవాడివి నువ్వేనా, లేక ఇంకొకరి కోసం ఎదురుచూడాలా అని యేసును అడిగించాడు.

"అంత సూసినోనికి గూడ చెరల అనుమానమొచ్చింది" అన్నాడు పాపయ్య. "యేసు ఏం కబురు పంపిండు? గుడ్డోళ్ళు సూస్తున్నరు, కుంటోళ్ళు నడుస్తున్నరు, సచ్చినోళ్ళు లేస్తున్నరు, పొయ్యి చెప్పుండ్రి అన్నడు. చెరలున్నోళ్ళు బయటికొస్తున్నరని మాత్రం అనలే. ఆ ఒక్క మాట కోసమే యోహాను చెవులు రిక్కించుకొని ఉంటడు. ఆ మాట రాలే. జవాబు వచ్చింది గని విడుదల రాలే. కొన్నాళ్ళకు తల నరికిండ్రు."

ఎప్పుడూ కథ చివర పాఠం చెప్పడం పాపయ్యకు అలవాటు. ఆ రోజు పాఠం దొరకలేదు. పుస్తకం మూయబోతుంటే ద్వారం దగ్గర నుంచి లచ్చమ్మ అడిగింది. అందరి ముందు ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

"సచ్చేటప్పుడు యోహాను నమ్మిండా, లేదా?"

పాపయ్య పేజీ వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "రాయలే లచ్చమ్మా. అడిగిండని రాసిండ్రు. అడిగినందుకు యేసు కోపం చేయలేదని, పదిమందిల ఆయన్ను మెచ్చుకున్నడని రాసిండ్రు. సచ్చిండని ఇన్నంక ఒక్కడే పడవెక్కి జనం లేని తావుకు పోయిండని రాసిండ్రు. గంతే ఉంది."

"గంతేనా?"

"గంతే."

లచ్చమ్మ లేచి లోపలికి వచ్చి, ఆడవాళ్ళ వైపు చాప మీద నవనీత పక్కన కూర్చుంది. పాపయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. మధ్యలో మాటలు ఆగిపోతే, వచ్చినవాళ్ళు ఆయన మళ్ళీ మొదలుపెట్టేదాకా కళ్ళు మూసుకుని ఆగారు.